గోడ మీద జాతర

తుమ్మలబావి, రామన్నపేట తాలూకా
1948 డిసెంబరు

బావ రఘుపతికి నీ బామ్మర్ది పెద్దులు దండాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. అంటే ఎవరం ఎక్కడున్నామో అక్కడే ఉన్నాం. ఈ రెండేండ్లలో అది చిన్న సంగతి కాదు. మొన్నటిదాకా రజాకార్లు వస్తున్నారంటే జొన్నచేలో దాక్కున్నాం. యూనియన్ సైన్యం వచ్చింది, రజాకార్లు పోయారు. ఇప్పుడు సంగం వాళ్లను వెతుక్కుంటూ పోలీసు క్యాంపు వాళ్లు వస్తున్నారంటే మళ్లీ అదే చేలో దాక్కుంటున్నాం. మనుషులు మారుతున్నారు గానీ చేను మారలేదు. జొన్నకు మేము అలవాటైపోయాం.

నువ్వు నేర్పిన పలక తెలుగులో రాస్తున్నాను. మధ్యలో ఊరి మాటలు దూరితే మేకల్ని తోలినట్టు తోలెయ్యి.

సంగతేమంటే, రెండేండ్లు ఆగిన గట్టు ఎల్లమ్మ జాతర ఈ మాఘ పౌర్ణమికి జరపాలని ఊరి పెద్దలు అనుకున్నారు. అనుకున్న మరునాటి నుంచే నా మీద పడ్డారు. పదేండ్ల కింద సెలవులకు వచ్చి నువ్వు మొదలుపెట్టావు చూడు, చెయ్యిపెట్టి చూసే గుడిసె, అది వేస్తున్నావా లేదా అని. పేలాలు అమ్మే బిక్షమ్మ తొవ్వలో నన్ను ఆపి అడిగింది. "ఎల్లమ్మను ఏడాదంత మొక్కుత గని, మా ఆయన నెత్తి మీద నడుసుడు నీ గుడిసెలనే సూస్తి. మల్ల జర సూపెట్టరాదు" అన్నది. వాళ్లాయన పోయి ఏడాదిన్నర అయిందని నేను గుర్తు చేయలేదు. ఆమెకు గుర్తులేకా.

సామాను చూశాను. ఇసుకలో తిప్పే అయస్కాంతం తుప్పు పట్టింది. దారం కట్టి మాట్లాడుకునే వెదురు గొట్టాలను ఎలుకలు కొరికాయి. చీకటి అర్ర ఒక్కటే బాగుంది. దానికి చెడిపోవడానికి ఏముంది గనుక? తూర్పు తలుపులో జొన్నగింజంత తొర్ర, ఎదురుగా పడమటి గోడకు తెల్ల ధోతి. తలుపు మూసి, కళ్లకు చీకటి అలవాటయ్యేదాకా ఆగితే బయటి జాతరంతా ధోతి మీదికి వస్తుంది, తలకిందులుగా, రంగులతో సహా.

నా మేనల్లుడు మల్లయ్య బతికే ఉన్నాడని అక్కకు చెప్పు. పోయిన నెల మా కొట్టం వెనక కూర్చుని జొన్న గటక తాగి పోయాడు. కాళ్లకు చెప్పుల్లేవు. దళంలో తిరిగేవాడు చెప్పులు వేసుకోడా అంటే, ఉన్న జత ఇంకొకరికి ఇచ్చానన్నాడు. తాగినంతసేపు మా ఇంటామె నర్సింగమ్మను నవ్వించాడు. పన్నెండేండ్లప్పుడు వాడు గుడిసె బయట ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు ఆడించేవాడు, గుర్తుందా? తలకిందుల మనుషుల్లో ఎవరు ఎవరో తెలియక తికమక పడే లోపలి జనం, ఆ కాలు చూడగానే "గదుగో మల్లిగాడు" అని ఒక్కసారే నవ్వేది. పోయేటప్పుడు కొట్టం ముందర మళ్లీ అట్లాగే ఆడించి పోయాడు.

ఈ ఉత్తరం టపాలో వేయడం లేదు. గొంగళ్లు అమ్మే కాటమయ్య మీ దిక్కు వస్తున్నాడు. మడతలో పెట్టి ఇచ్చాను. ఎవరైనా వెతికినా ముందు దురద పెడుతుంది, తర్వాతే ఉత్తరం దొరుకుతుంది.

పెద్దులు


షాద్‌నగర్
1949 జనవరి

పెద్దులుకు మీ అక్కా నేనూ ఆశీర్వదించి రాసేది.

కాటమయ్య వెంట కొత్త అయస్కాంతం, పురికొస ఉండ, రెండు భూతద్దాలు పంపుతున్నాను. బడి పిల్లలవి కావు, నావే. నేను రాలేను. కొడుకు సంగంలో ఉన్నాడని తెలిసినప్పటి నుంచి వారం వారం ఠాణాకు పోయి సంతకం పెట్టి రావాలి. ఊరు దాటితే బడి పని కూడా ఉండదు.

గుడిసెలో నువ్వు ఉపన్యాసం చెప్పకు. అయస్కాంతం నువ్వు పట్టుకుని చూపించకు, వాళ్ల చేతికివ్వు. వాగు ఇసుకలో వాళ్లే తిప్పాలి, నల్ల పొడి వాళ్ల వేళ్లకే అంటాలి. నోటితో చెప్పింది గడప దాటేలోగా పోతుంది. చేత్తో చేసింది ఉంటుంది.

చీకటి అర్ర గురించి ఒక మాట. తలకిందులైందని అందరూ చూస్తారు. దిక్కు కూడా మారుతుందని ఎవరూ చూడరు. వెలుగు తిన్నగా పోతుంది. దక్షిణం నుంచి వచ్చింది తొర్రలో దూరి ఉత్తరం వైపు గోడకే తగులుతుంది. అందుకే బయట దక్షిణానికి పోయే మనిషి గోడ మీద ఉత్తరానికి పోతున్నట్టు కనిపిస్తాడు. ఇది నీకు ప్రతి ఏడూ చెప్తున్నాను. నువ్వు ప్రతి ఏడూ "అట్లనే బావా" అని, కాళ్లు మీదికున్న వాళ్లను చూసి నవ్వడానికి పోతావు.

ఇక అసలు సంగతి. మల్లయ్య తనంతట తాను వచ్చి, నాతో కలిసి పెద్ద అధికారి ముందు నిలబడితే కొన్ని నెలల జైలుతో పోతుందని ఒక వకీలు చెప్పాడు. నమ్మదగిన మనిషే. వాడికి ఒక చీటీ రాసి ఇందులో పెట్టాను, ఎట్లాగైనా చేర్చు. జాతరలో నిన్ను కలవమని రాశాను. జనంలో జనంగా కాటమయ్య వెంట ఇక్కడికి వచ్చేస్తే చాలు. గుడిసె వేస్తున్నారని తెలిస్తే వాడు రాకుండా ఉండలేడు.

మీ అక్క వాడి తెల్ల చొక్కాకు గుండీలు కుడుతున్నది. నాలుగే గుండీలు. నెల రోజులుగా కుడుతున్నది, విప్పుతున్నది.

రఘుపతి


తుమ్మలబావి
1949 ఫిబ్రవరి

బావకు పెద్దులు రాసేది.

జాతర అయిపోయింది. గుడిసె బాగా నడిచింది.

నువ్వు చెప్పినట్టే అయస్కాంతం జనం చేతికిచ్చాను. మా వాడకట్టు సత్తమ్మ ఇసుకలో తిప్పి, వేలికంటిన నల్ల పొడి చూసి, ఇది ఎవరి పాపమని అడిగింది. వాగుదని చెప్పాను. ఇంటి ముందరి మట్టిలో కూడా ఉందేమో చూస్తానని అయస్కాంతం పట్టుకుని పోయింది. ఊరు ఊరంతా ఆమె వెనక పోయింది. పన్నులు వసూలు చేసే మాలీ పటేలు ఇంటి ముందర ఎక్కువ అంటుకుందని తేలాక కొంచెం గొడవైంది.

దారం గొట్టాల దగ్గర ఇంకా బాగుంది. పదకొండేండ్ల నుంచి ఒక్క ఇంట్లో ఉంటూ మాట్లాడుకోని యాదమ్మ, ఆమె మొగుడు కిష్టయ్య ఉన్నారు చూడు, వాళ్లను చెరో కొసకు నిలబెట్టాను. దారం బిగించారు. కిష్టయ్య గొట్టాన్ని రెండుసార్లు చెవికీ నోటికీ మార్చాడు. చివరికి గొట్టంలో "కూరల ఉప్పెక్కువైతాంది" అన్నాడు. యాదమ్మ గొట్టం నోటికి పెట్టుకుని "పదకొండేండ్ల సంది గట్లనే ఏస్తున్న, ఇయ్యాల సెప్పినవ్" అన్నది. చుట్టూ ఉన్నవాళ్లు ఏడ్చారో నవ్వారో నాకు తెలియలేదు. గొట్టాలు ఇంటికి తీసుకుపోతామని అడిగారు. ఇచ్చాను.

గిన్నెలో నీళ్లు పోసి కాగితం మూసి బోర్లించే ఆట కూడా ఆడారు. నీళ్లు నిలిచాయి. ఒకటి రెండు సార్లు నిలవలేదు, అది కాగితం తప్పు.

మల్లయ్య కలవలేదు. చీటీ అందిందో లేదో తెలియదు. కృష్ణ దాటి అడవి దిక్కు పోయారని ఎవరో అన్నారు. దూరమే మంచిదేమో. ఫికర్ చేయకండి.

ఈసారి గుడిసె జర ముందే మూసేశాను. పని ఉండి.

పెద్దులు


షాద్‌నగర్
1949 మార్చి

పెద్దులుకు,

నీ ఉత్తరం మీ అక్కకు చదివి వినిపించాను. యాదమ్మ మాటకు నవ్వింది. చాలా రోజులైంది ఆమె నవ్వి. తర్వాత కాగితం నా చేతిలోంచి తీసుకుని, చదువు రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూసి, "గోడ సంగతేది?" అన్నది.

నేనూ అదే అడుగుతున్నాను. పదేండ్లలో జాతర గురించి నువ్వు రాసిన ప్రతి ఉత్తరం చీకటి అర్రతోనే మొదలయ్యేది. ఎవరి ధోతి ఎట్లా వేలాడింది, ఏ మేక ఆకాశంలో నడిచింది, ఇవి రాశాకే మిగతావి. ఈసారి ఒక్క మాట లేదు.

గోడ మీద ఏం కనిపించింది?

రఘుపతి


తుమ్మలబావి
1949 మార్చి

బావకు,

గోడ మీద జాతరే కనిపించింది. ఆ రోజు మబ్బు పట్టింది, సరిగ్గా పడలేదు. అందుకే రాయలేదు. మోట బొక్కెన పగిలింది, అతుకు వేయాలి. నర్సింగమ్మ అక్కను అడిగానని చెప్పమన్నది.

పెద్దులు


షాద్‌నగర్
1949 ఏప్రిల్

పెద్దులుకు,

మాఘ పౌర్ణమి నాడు మబ్బు లేదు. ఆ రోజు బడి వాకిట్లో కర్ర పాతి పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాని నీడ పిల్లలతో గీయించాను. గంటకొక గీత. ఒక్క గీత కూడా తప్పలేదు. మీ ఊరికీ మా ఊరికీ ఎంత దూరమని ఆకాశం వేరుగా ఉండడానికి?

నిన్న కాటమయ్య వచ్చాడు. గొంగడి విప్పకుండా, అమ్మకుండా నా ముందర కూర్చుని పుల్లతో నేల గీకాడు. మల్లయ్య సంగతేమని అడిగితే, "పెద్దులన్న రాస్తడు" అన్నాడు. మీ అక్క మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆమె మొహం చూడలేక తలుపు దిక్కు చూస్తూ తాగాడు.

చెప్పింది నమ్మకండి, మీరే చూడండి అని మనిద్దరం పదేండ్లు జనానికి చెప్పాం. నేను చూడలేదు. నువ్వు చూశావు. ఏం చూశావో రాయి. మీ అక్కకు ఏం చదవాలో నేను చూసుకుంటాను.

రఘుపతి


తుమ్మలబావి
1949 మే

బావా,

పలక తెలుగు నాతోని కాదు ఇయ్యాల. మేకలు దూరనీ. తోలే ఓపిక లేదు.

నీ చీటీ మల్లయ్యకు అందింది. కాటమయ్య చేతికే ఇచ్చి పంపిన. అందలేదని రాసిన మాట అబద్ధం.

జాతర నాడు పొద్దు తిరిగినంక చీకటి అర్రల పది మందిమి ఉన్నం. బిక్షమ్మ ఉన్నది, యాదమ్మ ఉన్నది, పిల్లల తల్లులు ఉన్నరు. తలుపు మూసి నిలబడ్డం. జర సేపటికి గోడ మీద జాతర లేచింది. గొడుగులు, మేకలు, బోనం కుండలు, అన్నీ తలకిందులు. అంతల గోడ ఒక కొస నుంచి ఐదుగురు ఖాకీ బట్టలోళ్లు వచ్చిన్రు. బూట్లు మీదికి, టోపీలు కిందికి. లోపల అందరు గప్‌చిప్ అయిన్రు. నేను ఊకుంటనా? "భయపడకుండ్రి, ఇయ్యాల సర్కారు నెత్తి మీద నడుస్తాంది" అన్న. బావా, ఏం నవ్విన్రనుకున్నవ్. ఖాకీ బట్టను చూసి నవ్వుడు రెండేండ్లల గదే మొదలు. నాకు గర్వమైంది.

ఆ ఐదుగురి నడుమ ఒక మనిషి ఉన్నడు. చేతులు ఎనకకు కట్టి ఉన్నయి. మా తొర్ర ఎదురుంగ వచ్చినంక ఆగిండు. ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు ఆడిచ్చిండు.

"గదుగో మల్లిగాడు" అన్నది బిక్షమ్మ. అలవాటుగ అన్నది. అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన బావా. నవ్వు సగంల ఉండంగనే ఒక్కొక్కరిది ఆగిపోయింది.

వాన్ని గుంజుకొని పోయిన్రు. గోడ మీద ఉత్తరం దిక్కు పోయిన్రు, రామన్నపేట దిక్కు. నా కండ్లతోని చూసిన.

చీకట్ల ఒకల మీద ఒకలు పడి తలుపు తీసేసరికి జర సేపైంది. బయటికొస్తే ఎండకు కండ్లు కనవడలే. జాగంత ఖాళీ. ఖాకీ బట్టలు కనవడంగనే జనం పేలాల గంపలు, బోనాలు ఏడియాడ ఇడిసి చేన్లల్ల దూరిన్రు. తొవ్వ రెండు దిక్కుల తాటిచెట్ల ఎనక మలుగుతది. దుమ్ము గూడ లేదు. దూరం చేన్లల్ల ఎవల్నన్న పిలిచి అడిగితే చెప్తుండె. అడగలే. కండ్లతోని చూసినోడు అడుగుతడా?

కేకలేసిన. చేన్లకెళ్లి వచ్చిన్రు, ముప్పై మంది, భయానికి తల ఎత్తక పండుకున్నోళ్లే, నేను చూపిన దిక్కే నమ్మిన్రు. ఆడోళ్లు గూడ కొంగు బిగిచ్చి వచ్చిన్రు. నిరుడు పక్కూర్ల గట్లనే జనం అడ్డం కూసుంటె ఒకన్ని ఇడిసిపెట్టిన్రు. మనం గూడ కూసుందామనుకున్నం. రెండు కోసులు ఉరికినం రామన్నపేటకు.

అక్కడ క్యాంపు గేటు కాడి మనిషి మంచోడే. ఇక్కడికి ఎవల్నీ తేలేదన్నడు. మేము నమ్మలే. మేము అడ్డతొవ్వన వచ్చినం గద, వాండ్లు ఇంకా తొవ్వల ఉండొచ్చు, వస్తరు, అడ్డం కూసుందామని తొవ్వ మీద కూసున్నం. కూసున్నంక జేబుల ఏదో గుచ్చుకుంటె తీసిన. నీ ఉత్తరం. బయట దక్షిణానికి పోయే మనిషి గోడ మీద ఉత్తరానికి పోతడని నీ చేతి రాత. అది చదివి లేచిన. మల్ల ఉరికినం. నా వయసు యాభై నాలుగు బావా, ఆ రోజు తెలువలే.

మా ఊరికి దక్షిణాన గొల్లగుట్ట ఉన్నది. ఆడికి చేరేసరికి పొద్దు గుంకింది. గొర్ల కాపరులు చెప్పిన్రు. గుట్ట కింద చాన సేపు కూసున్నరట. నీళ్లు తాగిన్రట. మల్లయ్యకు గూడ తాపిన్రట. ఎవలూ తొందరపడలేదట. మేము రామన్నపేట తొవ్వ మీద కూసున్నంత సేపు వాండ్లు గుట్ట కింద కూసున్నరు. గొర్లు మలిగే ఏలకు రెండు చప్పుళ్లు ఇనవడ్డయట.

తెల్లారి నేనే కొరివి పెట్టిన. మేనమామను, నాకు హక్కు ఉన్నదనుకున్న. నీ చీటీ వాని రుమాలుల ఉండె. చాన సార్లు ఇప్పి మడిచినట్టు అంచులు అరిగినయి. వాడు ఇంటికి వద్దామనే జాతరకు వచ్చిండు. ఈ ముక్క నీకు తెలువొద్దనే మిగతాయన్నీ దాచిన. నీ చీటీ వాన్ని తెచ్చింది, నా కండ్లు వాన్ని ఇడిసిపెట్టినయి. నీ పాలు తప్పు నేను దాచుదామనుకుంటె, నా పాలు దానికదే దాగింది.

గుడిసె పీకేసిన. ధోతి నర్సింగమ్మ ఉతికింది. ఏమి లేదు దాని మీద, అయినా ఉతికింది.

పెద్దులు


షాద్‌నగర్
1949 జూన్

పెద్దులుకు,

నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులైంది. మీ అక్కకు వేరే ఏదైనా చదువుదామని కూర్చున్నాను. మల్లయ్య కృష్ణ దాటాడని, బాగున్నాడని. రెండు మాటలు కూడా రాలేదు. ఉన్నదే చదివాను.

ఆమె ఏడవలేదు. చివరిదాకా విని, "నవ్విన్రా?" అని అడిగింది. ఎవరు అన్నాను. "లోపలోళ్లు. వాడు కాలు ఆడిచ్చినప్పుడు నవ్విన్రా?" నవ్వారని రాశాడు అన్నాను. "గా ముక్క మల్ల సదువు" అన్నది. మూడుసార్లు చదివించుకుంది. తర్వాత, "వాడు గందుకే ఆడిచ్చిండు. పెద్దులుకు సెప్పు, నవ్వినందుకు తప్పేం లేదని" అన్నది. అప్పుడు ఏడ్చింది.

చొక్కాకు నాలుగు గుండీలూ ఉన్నాయి. ఇప్పుడు విప్పడం లేదు.

చీటీ రాసింది నేను. అది నువ్వు దాచినందుకు నాకు కోపం లేదు గానీ, దాచిపెట్టినంత మాత్రాన అది నీదైపోదు. నా పాలు నాకు ఇచ్చెయ్యి.

దిక్కు సంగతి. పదేండ్లుగా నీకు చెప్పానని ఉత్తరంలో గొప్పగా రాశాను. ఇరవై రోజులు దాని గురించే ఆలోచించాను. చెప్పాను, నిజమే. ఒక్కసారైనా నిన్ను లోపల నిలబెట్టి, నేను బయట దక్షిణానికి నడిచి, తలుపు తీయించి, ఏ దిక్కు పోయానో నీ చేత వేలు పెట్టి చూపించలేదు. నోటితో చెప్పింది గడప దాటదని ఊరందరికీ చెప్పిన పంతుల్ని, నీకు మాత్రం నోటితోనే చెప్పాను. అంతమంది చేతికి అయస్కాంతం ఇచ్చాను, నీ చేతికి ఇది ఇవ్వలేదు.

వచ్చే మాఘ పౌర్ణమికి గుడిసె వెయ్యి. మేము వస్తున్నాం, బడి పని ఉన్నా పోయినా. ఇప్పుడు వారం వారం సంతకం పెట్టించుకోవడానికి వాళ్లకు కారణం కూడా లేదు.

నువ్వు లోపల ఉండు. తలుపు మూసుకో. కళ్లకు చీకటి అలవాటయ్యేదాకా ఆగు. నేను బయట దక్షిణం దిక్కు నడుస్తాను. గోడ మీద ఉత్తరానికి పోతూ కనిపిస్తాను. నా పక్కన మీ అక్క ఉంటుంది, అదీ తలకిందులుగానే. నవ్వు వస్తే నవ్వు. ఆ తర్వాత తలుపు తీసి, గోడ చూపిన దిక్కు వదిలి, మా వెనక రా.

గొల్లగుట్ట దాకా నడవాలి. వాడు పోయిన తొవ్వ మాకు తెలియదు.

రఘుపతి